నాలుగు ప్యాకెట్లు

“నెలసరి నొప్పికి కూడా ఆసుపత్రేంటి డాక్టరమ్మా, మీరైనా చెప్పండి దీనికి!” కూతురు నోరు తెరవకముందే అందుకుంది తల్లి.

కూతురు పొత్తికడుపు ఒత్తిపట్టుకుని కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని ఆమెది. నిన్న మిషన్ మీదే సొమ్మసిల్లి పడిపోతే “నాటకాలు” అన్నాడు సూపర్‌వైజరు. తల్లి కూడా అదే అంటుందని తెలిసే, వెంట రావద్దని బతిమాలింది. ఆవిడ వింటేనా! అదే ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. ఏనాడూ సెలవు పెట్టని మనిషి ఇవాళ పూట సెలవు పెట్టి మరీ వచ్చింది. వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది.

“కూర్చోండమ్మా” అంది డాక్టరు.

“వద్దులెండి. ఇస్త్రీ బల్ల దగ్గర మాకు కుర్చీలెవరు వేస్తారు? నిలబడటం అలవాటే.”

డాక్టరు కూతురి వైపు తిరిగింది. “ఈ నొప్పి ఎన్నాళ్ల నుంచి?”

“మొదటి నుంచీ అంతే. అందరికీ ఉండేదేగా” అంది తల్లి.

“నేను అమ్మాయిని అడుగుతున్నాను.”

“మూడేళ్లయింది మేడమ్. లోపల కత్తెర పెట్టి కోస్తున్నట్టు ఉంటుంది. వాంతులవుతాయి” అంది కూతురు. “ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు.”

“నేను నమ్ముతాను. రోజుకి ఎన్ని ప్యాడ్లు వాడతావు?”

“మూడు. నాలుగు రోజులే. కానీ ఈమధ్య నెలకి నాలుగు ప్యాకెట్లు తెచ్చినా చాలడం లేదు మేడమ్.”

డాక్టరు రాయడం ఆపింది. “నాలుగు రోజులకి నాలుగు ప్యాకెట్లా? సరిగ్గా గుర్తు చేసుకో.”

“దానికి ఒళ్లు తెలిస్తేగా! ఎక్కడ పడేస్తుందో ఏమో” అని కసిరింది తల్లి.

తెర చాటున మంచం మీద పడుకోబెట్టి డాక్టరు కడుపు నొక్కగానే కూతురు కెవ్వుమంది. తల్లి మొహం పక్కకు తిప్పుకుంది.

“ఇది మామూలు నొప్పి కాదు” అంది డాక్టరు, చేతులు కడుక్కుంటూ. “ఇన్నాళ్లు ఊరుకోవాల్సింది కాదు. వెంటనే స్కానింగు చేయించండి.”

కూతురికి ఏడుపు ఆగలేదు. రోగం ఉందంటే ఏడ్చిందో, నమ్మే మనిషి దొరికిందని ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

“ఓ కాన్పయితే అదే తగ్గిపోతుందంటారుగా?” అంది తల్లి.

“ఎవరంటారు?”

“అందరూ.”

“ఆ అందరినీ ఓసారి నా దగ్గరికి పంపండి.”

చీటీ పట్టుకుని కూతురు గోడ పట్టుకుంటూ ముందు నడిచింది. తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కూతురు నడవా మలుపు తిరిగేదాకా చూసి, తలుపు దగ్గరగా వేసి వెనక్కి వచ్చింది. ఇందాకటి దూకుడంతా ఏమైపోయిందో, అప్పుడు వద్దన్న కుర్చీలోనే కూలబడింది.

“డాక్టరమ్మా, నాకు ముట్లు ఆగిపోయి ఆరేళ్లయింది. నాలుగు నెలల నుంచి మళ్లీ రోజూ అవుతోంది, దాని ప్యాకెట్లలోంచే తీసుకుంటున్నాను... ఇది మామూలే కదా?”