లాభుబెన్ టీ మానేసింది

లాభుబెన్ టీ మానేసిందంటే మా వీధిలో మొదట ఎవరూ నమ్మలేదు.

నమ్మరు మరి. మా జామ్‌నగర్‌లో గుమ్మంలోకొచ్చిన మనిషికి ముందు టీ పోసిన సాసరు చేతికిస్తారు, ఎందుకొచ్చావని తరవాత అడుగుతారు. పెళ్ళికీ టీయే, చావుకీ టీయే. పైగా లాభు అలాంటిలాంటి టీ మనిషి కాదు. అరుగు మీద కూర్చుని బాంధనీ చీరలకి దారంతో ముడులు వేసే మా ఆడవాళ్ళలో, గిన్నె అడుగున మిగిలింది కూడా వంపుకుని తాగేది ఆవిడే.

అలాంటి మనిషి మానేసింది. మొగుడు నాన్‌జీ సూరత్‌లో పని చూసుకుంటానని వెళ్ళి, ఫోనూ కబురూ లేకుండా పోయాక.

ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. మా వాళ్ళు ఏదైనా గట్టిగా కోరుకుంటే ఖోడియార్ తల్లికి మొక్కుకుని, ప్రాణమైనది ఒకటి వదిలేస్తారు. కోరికేమిటో పైకి చెబితే మొక్కు చెడుతుంది. అందుకని అడిగేవాళ్ళూ ఉండరు, చెప్పేవాళ్ళూ ఉండరు. అయినా మొగుడు అయిపూ అజా లేకుండా పోయిన ఆడదాని కోరికేమిటో ఒకరు చెప్పాలా?

మొదట్లో తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయింది పాపం. తలకి గుడ్డ బిగించుకుని ముడులు వేసింది.

“ఒక్క గుక్క తాగవే. తల్లి ఏమీ అనుకోదులే,” అంది పక్కింటి ముక్తాబా. వీధికంతటికీ పెద్దావిడ.

“వద్దు బా.”

“నా మీద ఒట్టే.”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. వేణ్ణీళ్ళుంటే పొయ్యి.”

ముక్తాబా నవ్వింది. లాభు నవ్వలేదు. నవ్వడం ఎప్పుడో మానేసింది. అలాగని ఏడ్చేదీ కాదు. మనిషిని చూసినా గోడని చూసినట్టే చూసేది.

వానాకాలం వచ్చింది. అల్లం టీ వాసన ఇంటింటా గుప్పుమనేది. వద్దంది. మేనకోడలి పెళ్ళిలో వియ్యపురాలు సాసరు తెచ్చి నోటికి ఆనించబోతే మొహం తిప్పేసుకుంది. ఆవిడ అలిగి కూర్చుంది. లాభు ఆవిణ్ణి బతిమాలి అన్నం తినిపించిందే గాని ఆ టీ మాత్రం ముట్టలేదు.

ముక్తాబా తన కోడళ్ళకి లాభునే చూపించేది. “నేర్చుకోండే. పొద్దున లేస్తే లావు తగ్గాలంటారు, పొద్దుగూకితే కారప్పూసలాంటి గాఠియా పొట్లం విప్పుతారు. మొక్కుకోవడానికేం, ఎవరైనా మొక్కుకుంటారు. ముందుకొచ్చిన ప్రతి సాసర్నీ వద్దనాలి. చచ్చేచావు అక్కడుంది.”

“మా మొగుళ్ళు ఇళ్ళల్లోనే ఉన్నారుగా అత్తయ్యా, మేమెందుకు మానడం?” అంది చిన్నకోడలు. అరుగంతా గొల్లుమంది.

వీధి చివర బస్సు ఆగితే చాలు, లాభు చేతిలో దారం ఆగిపోయేది. దిగినవాళ్ళంతా ఎటువాళ్ళటు వెళ్ళాకే మళ్ళీ ముడి వేసేది. అసలే ఆమె ఎడమచేతి వేలు ఒకటి వంగదు. ఎప్పుడో తలుపు సందున పడిందట. ఆ ఎదురుచూపు చూస్తుంటే మాకు కడుపు తరుక్కుపోయేది. నాన్‌జీ ఉండగా రాత్రిళ్ళు గిన్నెలు ఎగిరిపడే ఆ ఇంట్లో ఇప్పుడు గిన్నె చప్పుడు కూడా వినబడటం లేదు, మగదిక్కు లేకపోతే అంతేనమ్మా అనుకునేవాళ్ళం.

మరిది కర్సన్ అన్నగారి కోసం వెతకని ఊరు లేదు. ఒకరోజు మధ్యాహ్నం అతను రొప్పుతూ అరుగు దగ్గరికొచ్చాడు.

“వదినా, అన్నయ్య దొరికాడు. అహ్మదాబాద్‌లో ఉన్నాడు. నచ్చజెప్పాను, వస్తానన్నాడు.”

లాభు తలెత్తింది. “వస్తాడా, వస్తానన్నాడా?”

“బస్సెక్కే ఫోన్ చేశాడు వదినా. ఐదింటికి మన వీధి చివర దిగుతాడు.”

అందరం చీరలు పక్కన పడేసి లేచాం. ఒకావిడ బెల్లం కోసం లోపలికి పరిగెత్తింది. లాభు మాత్రం చేతిలో ఉన్న ముడి పూర్తి చేసి, దారం తెంపి, చీర మడత పెట్టింది.

ముక్తాబా కళ్ళు తుడుచుకుంటూ సాసరు నిండా టీ పట్టుకొచ్చింది. “ఇంకా ఏం చూస్తావే పిచ్చిదానా? మొక్కు అయిపోయింది. తాగు.”

“అవును బా. అయిపోయింది.”

ఊదుకోలేదు. పొగలు కక్కుతున్న టీ గటగటా తాగేసి, ఇంకాస్త పొయ్యమని సాసరు చాచింది. మా అందరికీ కళ్ళు చెమర్చాయి. మొక్కంటే లాభుదే మొక్కు అనుకున్నాం.

చిన్నకోడలు పక్కన చేరి భుజంతో పొడిచింది. “ఇప్పుడు చెబితే చెడదుగా పిన్నీ. ఏమని మొక్కుకున్నావో నీ నోటితో చెప్పు, వింటాం.”

“ఆయన ఈ గడప మళ్ళీ తొక్కకుండా చూడమని,” అంది లాభు.