మూయని ఫైలు

గవరయ్య పసుపు గుడ్డలో చుట్టి తెచ్చిన డిస్కును బల్ల మీద పెట్టాడు. చనిపోయిన భార్య అప్పలకొండ మాటలూ నవ్వూ అందులో ఒక ఫైలుగా ఉన్నాయి. నిన్నటి గాలివానకు కరెంటు పోయినప్పటి నుంచి ఆమె పలకడం లేదు.

పాడైన ఫైళ్లు బాగుచేసే రాజ్యం డిస్కును తగిలించి, తెర చూసి కసిరింది. “మూడేళ్లూ తెరిచే ఉంచీసేవా తాతా? ఊరందరూ తద్దినం నాడు తెరిచి, సాయంత్రానికి ‘ఎల్లిరా’ అని మూసీస్తారు కదా. తెరిచుంది కాబట్టే ఇలా చెదిరిపోయింది.”

“ఆస్పత్రిలోనే ఆ మాట అన్లేదు నాను. ఇప్పుడంటానా?”

“అనాలి. మూస్తేనే మిగిలిన ముక్కలు ఏరగలను. అది నీ గొంతుకే మూసుకుంటాది. ఏమీ దొరక్కపోనూ వచ్చు.”

“నీ మొగుడు పోతే తెలుస్తాది నీకు.”

రాజ్యం మైకు అతని ముందుకు జరిపింది. గవరయ్య పసుపు గుడ్డను మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

“ఎల్లిరా,” అన్నాడు చివరికి. “బేగి వచ్చీ.”

ఫైలు మూసుకుని, తెర మీది పచ్చదీపం ఆరిపోయింది. అతను బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

“పంపించీసేను కదా,” అన్నాడు. “ఇప్పుడు తీసుకురా దాన్ని.”