గిలాసలో నీళ్లు తొణకలేదు

“పచ్చ లైటు పడ్డది, పో బిడ్డా!” శాంతాబాయి కొడుకు భుజం పట్టి కుదిపింది.

హృషికేశ్ ఉలిక్కిపడ్డాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి. కారు మాత్రం కదల్లేదు. వెనక ఆటోలు ఒకటే హారన్లు.

“కండ్లు తెరిసి నిద్ర పోవుడేందిరా? మొన్న నాచారం కాడ గిట్లనే జేస్తివి. అందుకే దవాఖానకు నడువుమన్న.”

ఉప్పల్‌లో డాక్టరు విజయశ్రీ అన్నీ అడిగింది. ఇరవై ఏళ్లుగా విమానాలు నడుపుతున్నాడు. సగం రాత్రి డ్యూటీలే. నడుము నొప్పి, చెవుల్లో హోరు. ఇంట్లో పడుకుంటే నిద్ర రాదు.

“విమానం నడిపేటప్పుడు ఎప్పుడైనా కునుకు పట్టిందా?”

“ఎప్పుడూ లేదు.” అవునంటే ఇక విమానం ఎక్కనివ్వరు. రేపే దుబాయ్ డ్యూటీ. “ఏదైనా మాత్ర రాసివ్వండి మేడమ్, చాలు.”

శాంతాబాయికి రోషం వచ్చింది. “డ్యూటీల నా కొడుకు నిద్రపోతడా డాక్టరమ్మా? నన్ను కాశీకి తోల్కపోయిండు. గిలాసల నీళ్లు సుత తొణకలే, గంత మంచిగ నడిపిండు!”

“అమ్మా, గదిప్పుడెందుకే?”

“జెప్పనియ్యిరా! గా విమానంల సిరి అని ఓ ఎయిర్ హోస్టెస్ పిల్ల ఉండె. పైలట్ల గదిలకు ఫోన్ మీద ఫోన్ జేస్తది. ఎత్తకపోతే తలుపు దబదబ కొడ్తది. ‘మావోడు పనిల ఉన్నడు, జర సతాయించకు బిడ్డా’ అని సకినాలు చేతుల వెట్టిన. ఇంటేనా? మల్ల కొట్టింది. అప్పుడు పలికిండు.”

డాక్టరు కలం ఆగిపోయింది.

“ఆ ఫోన్లు పైలట్లు మేలుకుని ఉన్నారో లేదో చూడటానికే కదా, హృషికేశ్ గారూ?”

అతను తల దించుకున్నాడు. శాంతాబాయి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఒళ్లోని సంచి జారి కింద పడినా తీసుకోలేదు.

“ఒక్క కునుకే గదరా?” కొడుకు చెయ్యి పట్టుకుంది. “నువ్వు కన్ను మూస్తే ఏమైతది? పక్క సీట్ల ఇంకో పైలట్ ఉంటడు గద. గాయన సూస్కుంటడు. గంతే గద బిడ్డా?”

హృషికేశ్ తలెత్తాడు.

“ఆయనను నేనే లేపిన, అమ్మా.”