వరసలో చివరి పలక

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గాలికి మాట ఎగిరిపోతుంది, ఇది ఎగిరిపోకూడని మాట.

"పెద్దమ్మా, నీ కాఫీ చల్లారిపోతోంది. వచ్చి సంతకం పెట్టు," అని డేరా కింద నుంచి వాసో మళ్ళీ పిలిచింది.

పార్థెనాకి ఆ పిలుపు చెవికెక్కలేదు. నల్లబట్టల్లో, చేతిసంచీ గుండెలకి హత్తుకుని, సోలార్ పలకల వరసల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగి కొండవైపు చూస్తుంది, తల అడ్డంగా ఆడించి మళ్ళీ కదులుతుంది.

వాసో మునిసిపాలిటీ పిల్ల. ఊరివాళ్ళని బస్సులో ఇక్కడికి తీసుకొచ్చి, వాళ్ళ కరెంటు బిల్లులు చదివిపెట్టి, ఈ ఉమ్మడి సోలారులో వాటా ఇప్పించడం ఆమె పని. ముందుగా ఒక్క యూరో కట్టక్కర్లేదు, బిల్లు తగ్గుతుంది అంటే మావాళ్ళు నమ్ముతారా? అందుకని వాటా తీసుకున్న ప్రతి ఇంటికీ ఒక పలక చూపించి, దానికి పేరు రాసిన రేకు కడతామని ఆశపెట్టారు. దాంతో జనం కదిలారు.

ఈ నేల కూడా మామూలుది కాదు. మా పాత ఊరు ఇక్కడే ఉండేది. కింద బొగ్గుందని తెలిశాక ఊరిని లేపేశారు. గుడి గంట, బడి బల్లలు, శ్మశానంలోంచి పెద్దల ఎముకలు, అన్నీ కొత్త ఊరికి మోసుకుపోయాం. బొగ్గు అయిపోయాక గోతిని మట్టితో పూడ్చారు. ఇప్పుడు దాని మీద ఈ పలకలు.

"ఏం వెతుకుతోంది మీ వదిన?" అని బస్సు డ్రైవరు సిమేలాని అడిగాడు.

సిమేలా పార్థెనాకి ఆడబిడ్డ. "ఎండ ఎక్కడ ఎక్కువ పడుతుందో చూస్తోంది. టమాటాలు కొనబోయినా అంతే, బుట్టంతా తిరగేసి గాని వదలదు."

ఇంతలో పార్థెనా కంచె దగ్గర ఆగింది. కొండ మీది ప్రవక్త ఎలియా గుడి శిలువ, దాని వెనక దూరంగా వెర్మియో కొండల నడిమి చీలిక, రెండూ ఒక్క గీతలోకి వచ్చాయి. ఊరిని మింగిన గని కొండల్ని మాత్రం కదపలేకపోయింది.

"వాసో, ఈ వరసలో చివరిది. నాకు ఇదే కావాలి."

వాసో పరుగున వచ్చి చూసింది. "అది అయిపోయింది పెద్దమ్మా. సిమేలా అత్త తీసుకుంది. పక్కది రాయనా?"

"వద్దు. ఇదే."

"ఏదైనా ఒకటే. అన్నిటి కరెంటూ కలిసే పోతుంది, ఎవరి వాటా వాళ్ళ బిల్లులో తగ్గుతుంది. రేకు ఊరికే ముచ్చటకి."

"కరెంటు నువ్వు ఎక్కణ్ణుంచైనా ఇయ్యి తల్లీ. పలక మాత్రం ఇది." ఆమె వంగి నేలని అరచేత్తో తడిమింది. "ఇక్కడ మళ్ళీ తవ్వరు కదా?"

"ఎవరూ ముట్టుకోరు. కింద గడ్డి పెరుగుతుంది, గొర్రెలు మేస్తాయి, అంతే."

"గొర్రెలు మంచివే," అంది పార్థెనా.

డ్రైవరు హారన్ కొట్టాడు. పక్క ఊరివాళ్ళని ఎక్కించుకురావాలట. పార్థెనా గబగబా డేరా దగ్గరికి వచ్చింది. కుర్చీ జరిపితే కూర్చోలేదు.

"సిమేలా, నీ పలక నాకిచ్చెయ్."

"ఎందుకివ్వాలి? రోడ్డు మీదికి కనబడుతుందని ఏరుకున్నాను. నువ్వేమో పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు. కారణం చెప్పు, ఇస్తాను."

"చెప్పలేను."

"మా అన్నా ఇంతే. తను నడిపే తవ్వుడు యంత్రం పాత ఊరి మీదికి వచ్చిందో లేదో మంచం పట్టాడట, ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే. మీ మొగుడూపెళ్ళాలకి ఏదీ నోటంట రాదు."

"నువ్వప్పుడు జర్మనీలో ఉన్నావు." పార్థెనా బస్సువైపు చూసింది. "బస్సు వెళ్ళిపోతుంది సిమేలా. ఆ పలక దొరక్కపోతే నేను సంతకమే పెట్టను."

వాసో మధ్యలో దూరింది. "ఇంతకీ రేకు మీద పేరేం రాయాలి పెద్దమ్మా? మీ ఆయన, లాజరోస్ పెదనాన్న పోయినా బిల్లు ఆయన పేరు మీదే వస్తోంది. అదే రాయనా?"

"కాదు. అనెస్తిస్ అని రాయి."

సిమేలా కాఫీ కింద పెట్టేసింది. "అది మా నాన్న పేరు కదా. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన ముందు నవ్వి ఎరగవు. ఇప్పుడెక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది ఈ ప్రేమ?"

"మనింటి మగపిల్లలకి వరసగా వచ్చే పేరది," అంది పార్థెనా నేల చూస్తూ.

సిమేలా కళ్ళు తుడుచుకుంది. "ముసలాయన వింటే ఎంత పొంగిపోయేవాడో. తీసుకో వదినా. వాసో, నాకు పక్కది రాయవే. మా నాన్న పక్కన ఉంటాను."

వాసో రేకు మీద పేరు రాసి, తీగతో పలకకి బిగించింది. పార్థెనా దాని ముందు నిలబడి శిలువ గుర్తు వేసుకుని, ఆ పేరుని పైకి పలికింది, నోటికి కొత్తైనట్టు మెల్లగా. తర్వాత సంతకం పెట్టింది. చేతిసంచీ తెరిచి, తెల్లటి పల్చని గుడ్డల్లో మూటకట్టిన చక్కెర బాదంగింజలు తీసి అందరికీ పంచింది.

"ఇవి పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ పంచేవి కదా," అని డ్రైవరు నవ్వాడు. "కరెంటు బిల్లు తగ్గినా పంచుతారా?"

"నోరు తీపి చేసుకో నాయనా," అని పార్థెనా ఆ పలక నీడలో, పొద్దున్నుంచి మొదటిసారి, కూర్చుంది.

మామగారంటే కోడలికి ఎంత భక్తో అని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పార్థెనా కూడా పోయింది, అసలు సంగతి ఎరిగినదాన్ని నేనే మిగిలాను. ఆ కంచె పక్కగా పోతున్నప్పుడు ఈ అనెస్తిస్ ఎవరని ఎవరైనా అడిగితే, మరిచిపోకుండా మీరైనా సరిగ్గా చెప్పండి.

బాప్తిస్మం కాకముందే, ఇంకా పేరైనా లేకుండా పోయిన ఆమె మగబిడ్డని, శ్మశానంలోకి రానివ్వక గోడ బయట, అక్కడే పాతిపెట్టారు.