గుమ్మం ముందు చెప్పులు

"అగో, మళ్ళ వచ్చి కూసున్నది!" తిరుమల్ తలుపు సందులోంచి చూసి గుసగుసలాడాడు.

పై అంతస్తు తెల్లామె మెట్ల మీద కూర్చుని, వాళ్ళ గుమ్మం ముందున్న చెప్పుల బొమ్మ గీస్తోంది.

వెనక నుంచి గంగన్న కూడా తొంగి చూశాడు.

ఆ గల్ఫ్ నగరంలో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలోని ఆ బిల్డింగ్ ఫ్యామిలీలకే. ఒకే గదిలో ఎనిమిది మంది మగవాళ్ళు సర్దుకుంటున్నారని బలదియాకు, అంటే మునిసిపాలిటీ వాళ్ళకు, తెలిస్తే సామాన్లతో సహా రోడ్డున పడాల్సిందే.

"చెప్పుల బొమ్మ ఎందుకన్నా ఈమెకు?"

"ఎన్ని జతలుంటే అంతమంది ఉన్నట్టు గద! పక్కా బలదియా మనిషే."

ఆ సాయంత్రం నుంచి అందరూ చెప్పులు లోపల దాచారు. గంగన్న జత ఒక్కటే బయట ఉంచారు.

మర్నాడు పొద్దుగూకాక ఆ ఒక్క జతను చూసి ఆమె మొహం పాలిపోయింది. గంగన్న తలుపు తీయగానే కంగారుగా ఎదురొచ్చింది.

"మిగతావాళ్ళేరీ? అంతా క్షేమమేనా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"మాఫీ! మాఫీ! ఎవ్వరు లేరు!" లేరనే మాటను తనకొచ్చిన అరబ్బీలో కూడా చెప్పి, గంగన్న తలుపు ధడాలున వేశాడు.

"చూసినవా తిరుమల్? నా నోటితోనే చెప్పియ్యాలని చూస్తున్నది."

ఇక ఊరుకుంటే లాభం లేదని తమ ప్రాంతం వాడే అయిన వాచ్‌మన్ అతీఖ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఆమె మా గదిలకు తొంగి చూస్తున్నది భాయ్. సేఠ్‌కు చెప్పు."

ఇది శుద్ధ అబద్ధం. అయినా గంగన్న తడుముకోలేదు.

ఫిర్యాదులంటే బిల్డింగ్ ఓనరుకు ఒళ్ళు మంట. శుక్రవారం పొద్దున్నే ఆమె పెట్టె మెట్లు దిగింది.

పీడ విరగడైందని గంగన్న సంబరపడ్డాడు. అతీఖ్‌కు వేడివేడి టీ తెచ్చిచ్చాడు.

"ఇంతకు ఏ ఆఫీసుల పని ఆమెది?"

అతీఖ్ టీ ముట్టుకోలేదు.

"ఏ ఆఫీసు లేదు భాయ్. ఉక్రెయిన్ ఆమె. అక్కడ లడాయిల జనం ఎట్ల వండుకుంటున్రో, ఎట్ల పండుకుంటున్రో బొమ్మలు గీసి దేశదేశాలకు చూపిస్తదట. ట్యాక్సీల సామాన్ పెడుతుంటే చెప్పింది."

"మరి మా చెప్పులెందుకు?"

"అక్కడ గూడ మన లెక్కనే చెప్పులు ఇడ్సి ఇంట్లకు పోతరట. బాంబులు పడ్డనాడు గుమ్మం కాడ జతలు చూసుకుంటరట, అందరు మళ్ళొచ్చిన్రా లేదా అని. పొద్దుమూకినంక మీ ఎనిమిది జతలు చూస్తెనే ఆమెకు పానం నిమ్మళమైతుండెనట."

గంగన్న సిగ్గుతో తల వంచుకున్నాడు.

"ఇప్పుడు యాడికి పోయింది భాయ్?" అని అడిగాడు.

"ఏమో గంగన్నా. ఇల్లు, ఇంటోళ్ళు బాంబుల పోయినంక ఆమె నా ఇల్లు అనుకున్నది ఈ బిల్డింగ్ ఒక్కదాన్నేనట."