లాప్‌టాప్‌కు వేడి చేసింది

"సార్, లాప్‌టాప్ కాలిపోతోంది. లోపలి ఫ్యాను ఎంత స్పీడులో తిరిగినా వేడి తగ్గడం లేదు. కాసేపు చల్లబడితేగానీ పని చెయ్యలేను," అని మేనేజరుకు ఫోన్లో చెప్పి, బాలచంద్ర గదిలోకి పోయి పడుకున్నాడు.

తిరుపతిలో వడగాలి కొడుతున్న మధ్యాహ్నం అది. కాన్పుకని పుట్టింటికి వచ్చిన భానక్క, హాల్లో టేబుల్ ఫ్యాను ముందర ఒత్తిగిలి ఉంది.

చెమటకు బాలచంద్రకు మెలకువ వచ్చింది. కరెంటు పోయినట్టుంది. ఇన్వర్టరు మీద తిరిగేది హాల్లోని ఆ ఒక్క ఫ్యానే. ఆ గాలికని బయటికొచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోయినాడు.

ఫ్యాను బల్ల మీదున్న లాప్‌టాప్ వైపుకు తిరిగి ఉంది. అక్క దూరంగా గోడకానుకొని, పైటకొంగుతో విసురుకుంటోంది. రవిక తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఇదేందక్కా, ఫ్యాను అటు తిప్పినావు?"

"నువ్వు మీ సారుతో చెప్తావుంటే విన్యాలే రా. నాకు వేడి చేస్తే ఇంత మజ్జిగ తాగుతా. పాపం, దానికేముండాది? అది పాడైపోతే నీ ఉద్యోగం ఏం గావల్ల?" నిండు కడుపు మీద చెయ్యేసుకొని, ఆయాసంగా నవ్వింది. "సూడు, ఇప్పుడన్నా తగ్గిందేమో."

బాలచంద్ర లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చూసినాడు. చల్లగా ఉంది.

"తగ్గిందక్కా," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా ఫ్యాను ఆమె వైపుకు తిప్పుతూ.

పొద్దున్నుంచీ అతను దాన్ని ఆన్ చెయ్యనే లేదు.