రెండో వాసన

అడవిలో వైద్యం చెయ్యాలని ముంగిసపిల్లకు ఒకటే తపన. "ఈ వానాకాలం రెండు మందువేళ్ళ వాసన పట్టుకో, చాలు" అన్నాడు గురువు ఎలుగుబంటి తాత. ముంగిసపిల్ల వింటేనా! కనిపించిన వేరల్లా తవ్వి తెచ్చి, బొరియ నిండా పేర్చుకుని వాసన చూస్తూ కూర్చుంది. ఆటకు పిలిచి పిలిచి నేస్తం కుందేలు కూడా రావడం మానేసింది.

ఒకరోజు కాలికి ముల్లు గుచ్చుకుని కుందేలు కుంటుకుంటూ వచ్చింది. ఘాటు వేళ్ళ వాసనతో మొద్దుబారిన ముంగిసపిల్ల ముక్కుకు కుందేలు వాసన తెలియలేదు. చీకటి బొరియలోంచి "ఎవరది?" అంటూ ముంగిసపిల్ల పళ్ళు బయటపెట్టి మీదికి ఉరికింది.

"నేనే" అని, కుందేలు అలాగే కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ముంగిసపిల్ల గురువు దగ్గరికి వెళ్ళింది. "తాతా, ఈసారికి ఒక్క వేరు చాలు."

"రెండన్నానుగా?"

"రెండోది కుందేలు వాసన, తాతా. అది మళ్ళీ వస్తే గుర్తుపట్టాలిగా."